బిగిసిన బ్రేకు పెడలు: పాదమునకు తోడువచ్చిన గాలి కథ



మోటారుబండి ఎట్లు పరుగెత్తునో చెప్పువారు మనలో పెక్కురు కలరు. అది ఎట్లు నిలుచునో చెప్పువారు అరుదు. నేటి నా ప్రసంగమునకు ఈ రెండవదియే విషయము. అందులోను ఒక్క లక్షణమును పట్టుకొని దాని మూలమును చరిత్రలో వెదుకదలచితిని. నడచుచున్న కారులో బ్రేకు పెడలు ఉన్నట్టుండి రాయివలె బిగిసిపోవును. ఎంత త్రొక్కినను అది క్రిందికి దిగదు. బండి తన దారిని తాను సాగిపోవుచునే యుండును. ఈ గతి పట్టినవారు "బ్రేకు పోయినది" అని చెప్పుకొందురు. నిజమునకు బ్రేకు పోలేదు. పోయినది మరియొకటి. అది యేదియో, ఎన్నడు వచ్చి బ్రేకునకు తోడైనదో ఎఱిగినవారికి ఆ గడియలో ఏమి చేయవలెనో తెలియును. ఎఱుగనివారు కాలు వెనుకకు తీసికొందురు, లేక మాటిమాటికి కొట్టికొట్టి త్రొక్కుదురు. ఆ రెండును ప్రమాదమునకే దారితీయును.

ఇది మెకానికుల విద్యయే గాని మనకేల యని మీలో కొందఱనుకొనవచ్చును. పట్టణములలో ఉద్యోగములు చేయు బిడ్డలు నేడు పండుగకు కారులోనే ఇల్లు చేరుచున్నారు. ఇంటి పెద్దను ముందు సీటున గూర్చుండబెట్టి తీర్థయాత్రకు గొనిపోవుచున్నారు. ప్రక్కన గూర్చుండినవానికి ఈపాటి జ్ఞానము అనావశ్యకమని నేను తలంపను.

మన పూర్వులకు రథములుండెను గాని బ్రేకు లేదు. కఠోపనిషత్తులో దేహము రథముగను, బుద్ధి సారథిగను, మనస్సు పగ్గముగను, ఇంద్రియములు గుఱ్ఱములుగను చెప్పబడినవి. ఆ రూపకమున రథము నాపు సాధనము పగ్గమొక్కటియే. చక్రమును పట్టి నిలుపునది దానిలో ఏదియు లేదు. ఎద్దుబండి సంగతియు నట్టిదే. పల్లమున దిగునప్పుడు ఎద్దులే వెనుకకు తన్నిపట్టి బండిబరువును మెడలపై ఓర్చుకొనును. చక్రమునకే అడ్డు వేయుట మనము చూచునది రథోత్సవమునందు. వీథిలో దేవుని రథము కదలుచుండగా ఇరుప్రక్కల నడచువారు చెక్కదిమ్మలను చక్రముల క్రిందికి త్రోసి దానిని నిలుపుదురు. ఆ దిమ్మను ఒక్కసారి అందిచ్చిన చాలును; తక్కిన బిగింపును చక్రమే తన బరువుచేత తాను కలిగించుకొనును. ఈ చిన్న సంగతిని జ్ఞాపకమునం దుంచుకొనుడు. ముందు దీనితో పని గలదు.

గుఱ్ఱమునకును ఎద్దునకును అగాధము కనబడినచో తామే ఆగు బుద్ధి కలదు. ఇంజనునకు అది లేదు. కావున పశువు పోయి యంత్రము వచ్చిన నాడే ఆపుట యనునది ప్రత్యేక విద్య యైనది.

జర్మనీదేశస్థుడగు కార్ల్ బెంజ్ 1886లో తన మూడుచక్రముల మోటారుబండికి పేటెంటు పొందెను. రెండేండ్లకు, అనగా 1888 ఆగస్టులో, ఆయన భార్య బెర్తా భర్తకు చెప్పకయే ఇద్దరు కుమాళ్లను వెంటబెట్టుకొని ఆ బండిలో మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము ప్రయాణము చేసెను. మోటారుబండిపై లోకమున జరిగిన తొలి దూరప్రయాణము ఇదియే. దారిలో మందులకొట్టున ఇంధనము కొన్నదనియు, తలపిన్నుతో నూనెగొట్టమును శుభ్రపఱచినదనియు కథలుగ చెప్పుదురు. నాకు మాత్రము ఆమె చేసిన మరియొక పని గొప్పగ తోచును. కొండదారుల పల్లములలో బ్రేకుదిమ్మలు అరగిపోగా, ఆమె యొక గ్రామమున చెప్పులు కుట్టువానిచేత వానికి తోలుముక్కలు కొట్టించెను. నేడు మనము బ్రేకు లైనరు అని పిలుచునది ఆ విధముగ ఒక గృహిణి సమయస్ఫూర్తివలన పుట్టినది.

తరువాత 1902లో ఫ్రాన్సున లూయీ రెనో చక్రమునకు లోపల ఇనుపడోలు నమర్చి, దాని లోగోడను రెండు అర్ధచంద్రాకారపు ముక్కలు ఒరయునట్లు చేసెను. ఇదియే డ్రమ్ము బ్రేకు. ఆ ముక్కలను షూలందురు. అదే యేట ఇంగ్లండున ఫ్రెడరిక్ లాంచెస్టర్ చక్రముతోపాటు తిరుగు పళ్లెమును ఇరువైపుల నుండి నొక్కిపట్టు డిస్కు బ్రేకునకు పేటెంటు గొనెను. డ్రమ్మునకు వెంటనే రాజ్యము దక్కినది. డిస్కు అరువదియేండ్లదాక అరణ్యవాసము చేసెనని చెప్పవచ్చును. దానికి కారణమును పిమ్మట చెప్పెదను.

అప్పటి బ్రేకులన్నియు కడ్డీలతోను, ఇనుపత్రాళ్లతోను లాగబడునవి. పెడలునుండి చక్రమువఱకు లంకెలు కూర్పబడియుండెడివి. ఒక కడ్డీ కొంచెము వదులై మరియొకటి బిగువైనచో బండి ప్రక్కకు ఈడ్చును. దీనికిదోడు బండి బరువెక్కుచుండెను, వేగము హెచ్చుచుండెను. మనుష్యుని కాలి బలము మాత్రము హెచ్చలేదు. బ్రేకు చరిత్ర అంతయు ఈ ఒక్క చిక్కు చుట్టును తిరుగుచున్నది.

ఈ చిక్కునకు మొదటి సమాధానము నీటిసూత్రమువలన వచ్చినది. ఫ్రెంచి పండితుడు పాస్కల్ 1662లో మరణించెను. ఆయన ద్రవములనుగూర్చి వ్రాసిన గ్రంథము మఱుసటియేట అచ్చుపడెను. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట ఒత్తిడి కలిగించినచో అది అన్ని దిక్కులకు సమానముగ ప్రాకునని ఆయన కనుగొనెను. చిన్నముషలమును కొద్దిబలముతో నొక్కి పెద్దముషలమున అధికబలమును పొందవచ్చుననుట దీని ఫలితము. ఇంగ్లండున జోసెఫ్ బ్రామా 1795లో ఈ సూత్రముతోనే నీటిప్రెస్సును నిర్మించెను. కాని దానిని కాలిక్రిందికి తెచ్చుటకు ఇంకను నూటయిరువదియేండ్లు పట్టినది. అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ అనునాతడు 1917లో నూనెబ్రేకునకు పేటెంటు పొందెను. ఆతని యింటిపేరును ఆంగ్లమున వ్రాయు తీరువలన చదువరులు దానిని వికృతముగ పలుకుచుండగా, ఉచ్చారణ ననుసరించి వర్ణక్రమమును మార్చుకొనిరట. ఉచ్చారణకొఱకు జీవితమంతయు శిష్యులతో పోరాడిన నాబోటివానికి ఇది ముచ్చటగొల్పు సంగతి.

1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగుచక్రములకును నూనెబ్రేకులతో వెలువడెను. ఆ యేటనే ఆ కుటుంబపు పందెపుబండి ఫ్రెంచి గ్రాండ్ ప్రీ పోటీలో గెలుపొందెను. వేగమువలన నెంతయో, ఆగుటవలనను అంత గెలిచెనని ఎఱిగినవారందురు. 1924లో క్రైస్లరు కంపెనీ సామాన్యులు కొనదగిన కారులో ఈ పద్ధతిని ప్రవేశపెట్టెను. తొలుత తోలువాషరులు నూనెను కార్చుచుండగా, రబ్బరువాషరులను పెట్టి ఆ లోపమును తొలగించిరి. హెన్రీ ఫోర్డు మాత్రము ఇనుపకడ్డీనే నమ్ముకొని 1939 నమూనా బండ్లవఱకు నూనెబ్రేకును దగ్గఱకు రానీయలేదు. పట్టుదలకు మెచ్చవలసినదే గాని, ఆ పదునాలుగు పదునైదేండ్లు ఆయన బండ్లు కొన్నవారి కాళ్ల నొప్పులను ఎవరు లెక్కించిరి?

పెడలే యొక మీట. పాదమున 20 కిలోల బరువు నుంచినచో మీటవలన అది నాలుగింతలై మాస్టరు సిలిండరు ముషలముపై 80 కిలోలగును. అక్కడ నుండి బ్రేకు ఆయిలు దానిని సన్నగొట్టములగుండ గొనిపోయి చక్రములకడ నున్న పెద్దముషలములలో ఇంకను పెంచును. అయినను దీనికొక మేర కలదు. బలము రెండింతలైనచో పెడలు పోవలసిన దూరమును రెండింతలగును. పెడలు పోగల దూరమో, జానెడు. కాబట్టి నూనె యొక్కటియే చాలదు. వెలుపలి నుండి ఎవరో వచ్చి పాదమునకు చేయి కలుపవలెను.

ఆ చేయి కలిపినది మనమందఱము పీల్చు గాలి.

గాలికి బరువున్నదని 1643లో ఇటలీదేశపు టోరిసెల్లి పాదరసపు గొట్టముతో నిరూపించెను. జర్మనీలో మాగ్డెబర్గు నగరాధ్యక్షుడగు ఆటో ఫాన్ గెరికె రెండు రాగి అర్ధగోళములను ఒకదానితో నొకటి చేర్చి, లోని గాలిని పంపుతో తోడివేసెను. వాని అడ్డుకొలత సుమారు 50 సెంటీమీటర్లు. మేకులేదు, బంధములేదు. 1657లో ఒక్కొక్క ప్రక్క ఎనిమిదేసి గుఱ్ఱములను కట్టి లాగించినను వానిని విడదీయుట బ్రహ్మప్రళయమైనది. లోపలి శూన్యము వానిని పట్టుకొన్నదని సామాన్యులందురు. శూన్యమునకు పట్టెక్కడిది? వెలుపలి గాలి చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు ఒక కిలోవంతున నలుదెసల నొక్కి వానిని కలిపి యుంచినది. లోపల ఎదురునొక్కు గాలి లేకపోవుటయే శూన్యము చేసిన ఉపకారము.

ఈ సూత్రమును కారులోనికి తెచ్చుటకు కావలసిన శూన్యము, ఎవరును వెదుకకుండగనే, పెట్రోలు ఇంజనులోనే సిద్ధముగ నున్నది. ఇంజను గాలిని పీల్చుకొనును. కాలు యాక్సిలరేటరునుండి తీసినంతనే ఆ దారి మూతపడును. ఇంజను పీల్చుచునే యుండును. మూతకును ఇంజనుకును నడుమ గాలి పలుచబడును. బ్రేకు కావలసినది కాలు యాక్సిలరేటరునుండి తీసినప్పుడే గదా! అవసరమును సాయమును ఇంతగ కలిసివచ్చిన సందర్భములు యంత్రశాస్త్రమున అరుదు. బెల్జియముదేశపు డెవాండ్రె కల్పించిన ఇట్టి పరికరమును 1927లో జర్మనీలో బాష్ కంపెనీ విపణికి తెచ్చెను. అమెరికాలో బ్రాగ్, క్లీస్రాత్ అను ఇరువురు నిర్మించిన దానిని 1928లో పియర్స్ యారో కారులో పెట్టిరి. దీనికి ముందే 1919లో హిస్పానో సూయిజా కారునందు బండి కదలికలోని బలమునే గేరుపెట్టెనుండి తీసి బ్రేకున కందిచ్చు యుక్తి యొకటి వెలసెను. రోల్స్ రాయిస్ వారు దానిని చిరకాలము వాడుకొనిరి. కాని లోకమున నిలిచినది గాలియుక్తియే. నేడు దానిని బూస్టరందుము. కారు ముందుమూత ఎత్తినచో డ్రైవరు వైపున, వెనుకగోడకు బిగించి, నల్లరంగు వేసిన పెద్ద ఇనుపడబ్బా కనబడును. అదియే అది.

ఆ డబ్బా నడుమ రబ్బరుపొర యొకటి కలదు. ఊరకున్నప్పుడు పొరకు రెండుప్రక్కలను పలుచనిగాలియే. పెడలు త్రొక్కగనే చిన్నకవాటము తెఱచుకొని పెడలువైపు గదిలోనికి వెలుపలి గాలిని వదలును. ఎదుటిగదిలో ఎదిరించు గాలి లేదు. పొర ముందుకు పోవును, దానితో మాస్టరు సిలిండరు ముషలమును పోవును. పొర అడ్డుకొలత 22 సెంటీమీటర్లనుకొనుడు. వైశాల్యము 380 చదరపు సెంటీమీటర్లు. ఇరువైపుల ఒత్తిడికి గల భేదము చదరపు సెంటీమీటరునకు ఆరుపదుల వంతు కిలో, అనగా 600 గ్రాములనుకొన్నను, 228 కిలోల బలమగును. ఇద్దఱు ముగ్గురు పెద్దమనుష్యులు మీ కాలిపై ఎక్కి నిలిచినట్లు. దీనిని మీరెఱుగరు; పెడలు మెత్తగ నున్నదని మాత్రము సంతోషింతురు.

ఇప్పుడు రథపు దిమ్మను తలచుకొనుడు. డ్రమ్ము బ్రేకులో ముందుషూ డ్రమ్మునకు తగిలినంతనే తిరుగుచున్న డ్రమ్ము దానిని తనతో ఈడ్చి మరింత బిగించుకొనును. చక్రము క్రిందికి దిమ్మను త్రోయుట వంటిదే ఇది. అందుచేత బూస్టరు లేకయే డ్రమ్ము బ్రేకుల కారులు చాలకాలము గడచిపోయినవి. మన దేశమున 1957 తరువాత తిరిగిన తొలి అంబాసిడరు కారులకు నాలుగుచక్రములకును డ్రమ్ములే. వానిని నడిపిన డ్రైవరుల కుడిపిక్క బలమును మీలో కొందఱు చూచియుందురు. కాని డ్రమ్ము వేడెక్కినచో పట్టు తప్పును. వరుసగ త్రొక్కుచు కొండ దిగునప్పుడు ఇది మిక్కిలి ప్రమాదకరము. డిస్కు వెలుపలి గాలిలో తిరుగుచు త్వరగ చల్లారును. 1953లో లె మాన్ పందెమున డిస్కు బ్రేకుల జాగ్వారు బండ్లు గెలిచిన పిమ్మట కంపెనీల కన్నులు తెఱచుకొన్నవి. అయితే డిస్కునందు తనకుతాను బిగియు గుణము లేదు. ఎంత నొక్కిన అంతయే పట్టు. అందుచేత డిస్కు వచ్చినచోటికెల్ల బూస్టరును వెంట వచ్చినది. లాంచెస్టరు పళ్లెము అన్నాళ్లు అజ్ఞాతముగ నుండుటకు గల కారణములలో ఇదియు నొకటి.

బిగిసిన పెడలునకు అర్థమిప్పుడు మీకే స్ఫురించియుండును. బ్రేకు నున్నది, నూనె యున్నది, 228 కిలోల తోడు మాత్రము లేచిపోయినది. పెడలు మెత్తబడి నేలదాక దిగిపోవుట వేఱు రోగము; అది నూనె కారుటవలననో, నూనెలో గాలిబుడగలు చేరుటవలననో వచ్చును. ఈ రెండు లక్షణములను కలగలిపి "బ్రేకు సరిగ లేదు" అని మాత్రము చెప్పి కారు నప్పగించువారు వైద్యునికడ "ఒంట్లో బాగులేదు" అని ఊరకుండువారివంటివారు.

తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకములని యొక పరీక్ష కలదు. కారణమున్నచోట కార్యముండుట, లేనిచోట లేకుండుట. బూస్టరును పరీక్షించు విధము సాక్షాత్తు ఇదియే. చదునైన నేలపై కారు నుంచి, చేతిబ్రేకు వేసి, ఇంజను నాపవలెను. పెడలును నాలుగైదుసార్లు త్రొక్కి వదలవలెను. డబ్బాలో నిలువయున్న శూన్యము ఖర్చయి పెడలు గట్టిపడును. అట్లు గట్టిపడిన పెడలుపై కాలు అదిమియుంచి ఇంజనును నడిపింపవలెను. బూస్టరు బాగున్నచో కాలిక్రింద పెడలు రెండు మూడు వ్రేళ్ల మందము తనంతట దిగును. దిగలేదా, తోడు రాలేదన్నమాట. తోడు రాకపోవుటకు కారణమును ఇంజనునుండి డబ్బాదాక వరుసగ వెదుకవలెను.

మొదట గొట్టము. ఇంజనునుండి డబ్బాకు బొటనవ్రేలంత రబ్బరు గొట్టము పోవును. ఇంజను వేడికి ఏండ్లతరబడి ఉడికి అది పగులును, లేక లోపలిపొర ఊడి మూసికొనిపోవును. పగిలినచో ఇంజను నడచుచుండగా పామువలె బుసకొట్టును. పిమ్మట ఆ గొట్టము డబ్బాలో చేరుచోట నున్న ఏకముఖ కవాటము. ఇది గాలిని డబ్బానుండి ఇంజనువైపునకే పోనిచ్చును గాని తిరిగి రానీయదు. ఇంజను ఆగినను రెండు మూడు త్రొక్కుళ్లకు సరిపడు శూన్యము డబ్బాలో నిలుచుట దీని పుణ్యమే. ఇంజను నాపి కొంతసేపు తాళి త్రొక్కినప్పుడు మొదటి త్రొక్కుడే గట్టిగ నున్నచో కవాటము చెడినదో, గాలి ఎక్కడనో చొరబడుచున్నదో తెలిసికొనవలెను. గొట్టమును కవాటమును బాగున్నచో డబ్బాలోని పొర చినిగినదని అనుమానింపవలెను. పెడలు త్రొక్కినప్పుడు కాలికడనే బుసవినబడి, ఇంజను నడక తడబడినచో అనుమానము బలపడును. అప్పుడు డబ్బానే మార్చుట మేలు.

డీజిలు ఇంజను నైజము వేఱు. దాని గాలిదారికి పెట్రోలు ఇంజనునకువలె మూత యుండదు గనుక తగినంత శూన్యము పుట్టదు. అందుచేత ప్రత్యేకముగ నొక చిన్నపంపును తగిలింతురు. కొన్ని బండ్లలో అది కరెంటు పుట్టించు ఆల్టర్నేటరు వెనుకనే యుండును. ఆ పంపు అరగినను, దానికి ఇంజను ఆయిలు అందకపోయినను పెడలు బిగియును. ఇవి యేవియు గాక, పెడలు ఇరుసున తుప్పుపట్టుటవలనను, చక్రముకడ ముషలములు బిగుసుకొనుటవలనను కూడ గట్టితనము రావచ్చును. త్రాగి పారవేసిన నీళ్ల సీసా దొరలి పెడలుక్రింద చేరి ప్రాణముమీదికి తెచ్చుటయు కలదు. కాలికడ ఏ వస్తువును పడవేయరాదని పిల్లలకు నొక్కి చెప్పుడు.

మా బంధువుల కారునకు ఈ వ్యాధి వచ్చినప్పుడు సమీపపట్టణమున నొక కార్ఖానాకు గొనిపోయిరి. అక్కడివారు ముందుచక్రముల ప్యాడ్లు, వెనుకచక్రముల షూలు క్రొత్తవి వేసి, ఆయిలు మార్చి, వేలకొలది రూపాయలు గ్రహించిరి. పెడలు మాత్రము పూర్వమెంత గట్టిదో అంత గట్టిగనే యుండెను. తరువాత మా ఊరి మలుపున చెట్టుక్రింద పనిచేయు వృద్ధుడొకడు ముందుమూత ఎత్తి, ఇంజను నడిపించి, చెవి యొగ్గి, "అయ్యా, గాలి లాగేస్తున్నదండీ, పైపు చూడండి" అని గొట్టపుకొసన బిగింపుపట్టీ క్రింద వెండ్రుకవంటి చీలికను వ్రేలితో చూపెను. చీలినకొస కోసివేసి గొట్టమును మరల బిగించెను. ఆతడు తీసికొన్న కూలిని చెప్పుటకు సిగ్గగుచున్నది. ఆతనికి తర్కము రాదు. కాని పరీక్షకు ముందు చికిత్స చేయలేదు.

నూనెనుగూర్చి ఒక్కమాట. తొలినాళ్ల బ్రేకు ఆయిలు మనకు సుపరిచితమగు ఆముదముతోనే కలిపెడివారు. ఆముదమును ఆల్కహాలును చేర్చి వాడిరి. ఆముదము రబ్బరును చెఱుపదు, ఖనిజతైలము చెఱుచును. నేటి బ్రేకు ఆయిలు వేఱు రసాయనములతో చేయబడుచున్నను ఈ నియమము మాత్రము మాఱలేదు. చేతికందినదని ఇంజను ఆయిలునో, స్టీరింగు ఆయిలునో ఆ చిన్నపాత్రలో పోసినచో లోపలి రబ్బరువాషరులన్నియు ఉబ్బి ముషలములను పట్టివేయును. త్రొక్కిన బ్రేకు వదలదు, చక్రము కాలును, కట్టకడకు వ్యవస్థనంతయు విప్పి రబ్బరులన్నియు మార్చవలసివచ్చును.

ఇక నన్ను ఈ ప్రసంగమునకు పురికొల్పిన విషయమునకు వచ్చుచున్నాను. పెట్రోలు ఆదాచేయుదమని పల్లములలో ఇంజను నాపి బండిని దొరలనిచ్చు అలవాటు మనవారిలో ఇంకను పోలేదు. 1944లో తెఱచిన తిరుమల మొదటి ఘాటుదారి నేడు దిగుటకు వాడుకలో నున్నది. దాని మలుపులు మీరు చూచినవే. శ్రీశైలపు దారియు, అరకు దారియు నట్టివే. అట్టిచోట ఇంజను నాపినచో జరుగున దేమి? మొదటి మలుపున బ్రేకు మామూలుగనే పట్టును. రెండవదానను పట్టును. డబ్బాలోని నిలువ అంతటితో సరి. మూడవ మలుపున పెడలు రాయి. స్టీరింగును సాయము కోల్పోయి బరువెక్కును. డ్రైవరు భయపడి ఊరక కొట్టికొట్టి త్రొక్కును. మిగిలిన కొంచెము శూన్యమును ఆ త్రొక్కుళ్లకే ఖర్చగును.

రైలులో నిట్లు జరుగదు. అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో గాలిబ్రేకునకు పేటెంటు పొంది, 1872లో దానిని తిరగవేసెను: గొట్టము తెగి గాలి పోయినచో బ్రేకు వదలుటకు మాఱు తానే పట్టునట్లు చేసెను. మన రైళ్లలో చిరకాలము నడచిన వాక్యూము బ్రేకునందును ఇదే న్యాయము. గొట్టమున శూన్యమున్నంతవఱకు బ్రేకులు వదలియుండును. ప్రయాణికుడు గొలుసు లాగి గాలిని లోనికి విడిచినచో పట్టును. కనుక రైలున శూన్యము పోయినచో బండి ఆగును. కారున శూన్యము పోయినచో బండి ఆగదు. శూన్యము రెండింట నొక్కటియే, ధర్మము మాత్రము విపరీతము. రైలును చూచి పెరిగిన మనకు ఈ భేదము తెలిసియుండుట యవసరము.

కారున తోడు పోయినను పాదమునకును చక్రమునకును గల నూనెదారి తెగలేదు. మీట యున్నది, పాస్కలు సూత్రమున్నది. కనుక పెడలు బిగిసినంతనే కాలు తీయరాదు, కొట్టరాదు. వీపును సీటునకు గట్టిగ ఆనించి, అవసరమైనచో రెండుకాళ్లతోను, దేహబలమంతయు నుపయోగించి ఒక్క పట్టున అదిమి యుంచవలెను. బండి ఆలస్యముగనైనను నిలుచును. గేరును క్రిందికి దింపినచో ఇంజనే బండిని వెనుకకు పట్టును. చేతిబ్రేకును మెల్లమెల్లగ లాగవచ్చును. ఇంజను ఆగిపోయినచో తాళమును పూర్తిగ త్రిప్పి తీసివేయరాదు, స్టీరింగు బిగిసికొనును. ప్రక్కన గూర్చుండిన పెద్ద ఈ నాలుగు మాటలు శాంతముగ చెప్పగలిగినచో నడుపు యువకునికి ధైర్యము చిక్కును.

ఇప్పుడు విద్యుత్తు కారులు వచ్చుచున్నవి. వానిలో గాలిని పీల్చు ఇంజనే లేదు గనుక శూన్యమునకు విద్యుత్తు పంపునో, లేక శూన్యముతో పనిలేక మోటారుతోనే ముషలమును త్రోయు పరికరమునో పెట్టుచున్నారు. బాష్ కంపెనీవారే ఇట్టి విద్యుత్తు బూస్టరును 2013లో తెచ్చిరి. అట్టి బండ్లకు నేను పైని చెప్పిన ఇంజను పరీక్ష చెల్లదు. వాని బ్రేకుదీపము వెలిగినచో తెలిసినవారికి చూపవలసినదే. పెట్రోలు, డీజిలు బండి గలవారు మాత్రము ఆ పరీక్షను యాత్రకు బయలుదేరు ఉదయమున వాకిటనే చేసికొనవచ్చును. దానికి పట్టు కాలము రెండు నిమిషములు.